తెల్లబట్టలు, ఒంటిపూట భోజనం: థాయ్ అడవి విహారాల్లో బస

థాయిలాండ్‌లో బౌద్ధ భిక్షువులుండే అడవి విహారాల్లో చాలావాటిలో బసకు డబ్బు అడగరు. అడిగేవి వేరే. రంగుబట్టలు మానెయ్యాలి, మధ్యాహ్నం పన్నెండు దాటాక ముద్ద ముట్టకూడదు, ఫోను పక్కన పెట్టాలి, పరుపు సంగతి మరిచిపోవాలి. ఒకచోటైతే మగవాళ్లు మూడు రోజులకు మించి ఉండాలంటే తల, గడ్డమే కాదు, కనుబొమలు కూడా గొరిగించుకోవాలి. బేరాలు లేవు. ఇష్టమైతే ఉండటం, లేకపోతే దండం పెట్టి వెళ్లిపోవడం.

ఈ ప్రయాణం మా అక్క పట్టుదల. ఆమె గుంటూరులో చరిత్ర టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల్ని అమరావతికి, నాగార్జునకొండకు విహారయాత్రకు తీసుకెళ్లి, ఇటుక గోడల మధ్య నిలబడి "ఇక్కడ భిక్షువులు పడుకునేవారు, ఇక్కడ తినేవారు" అని చూపించింది. విశాఖ దగ్గర తొట్లకొండలో భోజనశాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు కూడా చూపించింది. "పడుకున్న చోటు చూశాను, తిన్న చోటు చూశాను. పడుకునే మనిషిని, తినే మనిషిని ఎప్పుడు చూస్తాను రా?" అంది. మన దగ్గర ఆ గోడల మధ్య మనుషులు లేక వందల ఏళ్లయింది. శ్రీలంకా, బర్మా, థాయిలాండా అని తర్జనభర్జన పడ్డాం. హైదరాబాదు నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం ఉంది, విదేశీయుల్ని బసకు రానిచ్చే విహారాలు అక్కడ చాలా ఉన్నాయి. అలా థాయిలాండ్ ఖాయమైంది.

ఒక మాట ముందే చెప్పాలి. కేవలం పది రోజులు మౌనంగా కూర్చుని ధ్యానం నేర్చుకోవాలనుకునేవాళ్లు విమానం ఎక్కనక్కర్లేదు. హైదరాబాదు వనస్థలిపురం దగ్గర గోయెంకా పద్ధతి విపశ్యన ధ్యానం నేర్పే ధమ్మఖేత్త కేంద్రం 1976 నుంచి ఉంది, నాగార్జునసాగర్‌లోనూ ఒకటి ఉంది. కానీ అక్కడ నేర్పేదీ నేర్చుకునేదీ సంసారులే. భిక్షు సంఘం లోపల ఒక రోజు ఎలా గడుస్తుందో చూడాలంటే సంఘం ఉన్న చోటికే వెళ్లాలి. మేం వెతుక్కున్నది అదే, అందుకే ఈ కింద చెప్పే మార్కులన్నీ ఆ కొలతతో వేసినవే.

మొదట ఉత్తరానికి వెళ్లాం. చియాంగ్ మై నుంచి పాయ్ మీదుగా మే హాంగ్ సాన్ వెళ్లే 1095 నంబరు రోడ్డు పక్కన, సున్నపురాయి కొండల నడుమ ఉంటుంది వాట్ పా థమ్ వువా ('వాట్' అంటే థాయ్‌లో విహారం). ఆ కొండదారి చుట్టూ తిరిగితే 1,864 మలుపులని టీషర్టుల మీద కూడా అచ్చేసి అమ్ముతారు. మా మినీవ్యాను డ్రైవరు వాటిలో ఒక్కదానికీ వేగం తగ్గించలేదు. అక్క నిమ్మకాయ వాసన చూస్తూ, కళ్లు మూసుకుని, తనకొచ్చిన స్తోత్రాలన్నీ చదివేసింది. రోడ్డు మీద దింపితే లోపలికి కొంత దూరం నడవాలి. పెద్ద సూట్‌కేసులు తేకండి.

ఈ విహారం అందరికీ తలుపు తెరిచి పెడుతుంది. ముందుగా రాయనక్కర్లేదు, బుకింగ్ లేదు, పగటిపూట వచ్చి పేరు రాయించుకుంటే చాలు. తెల్లబట్టలు వాళ్లే ఇస్తారు. చాప, దుప్పటి కూడా ఇస్తారు. చోటు ఉంటే చిన్న కుటీరం, లేకపోతే ఉమ్మడి గది. భోజనం పూర్తిగా శాకాహారం, ఉదయం ఒకసారి, పదకొండు ప్రాంతంలో ఒకసారి. పొద్దున్నే అతిథులంతా వరసగా మోకాళ్ల మీద కూర్చుని భిక్షువుల పాత్రల్లో తలా ఒక గరిటె అన్నం వేస్తారు. తర్వాత ధర్మ ప్రసంగం థాయ్‌లోనూ ఇంగ్లీషులోనూ జరుగుతుంది. ఆ పైన భిక్షువుల వెనక బారుగా చెరువు పక్కన నడిచే ధ్యానం, కూర్చునే ధ్యానం, చివర్లో పడుకుని చేసే ధ్యానం. ఈ ఆఖరిదానిలో హాలంతా గురకలు. వాటిలో నాదీ ఉందని అక్క సాక్ష్యం. సాయంత్రం నాలుగుకు అందరూ చీపుళ్లు పట్టుకోవాలి. ఆరుకు పాళీ పఠనం, అర్థం రాసిన పుస్తకం చేతికిస్తారు.

ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న యూరప్ పిల్లలు, వీపున సంచీతో తిరిగేవాళ్లు. రోజూ కొందరు వస్తారు, కొందరు పోతారు. మాటలు ఉంటాయి. మౌనం కావలసినవాళ్లు చొక్కాకు చిన్న బిళ్ల తగిలించుకుంటే ఎవరూ పలకరించరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు, మోకాళ్లు పట్టేసినవాళ్లకు, కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకెళ్లే తల్లిదండ్రులకు నేను కళ్లు మూసుకుని చెప్పేది ఈ చోటే. కానీ సంఘం బతుకు చూడాలన్న మా కొలతకు సగమే తూగింది. రోజంతా అతిథుల చుట్టూ తిరుగుతుంది కాబట్టి, భిక్షువులు తమలో తాము ఎలా ఉంటారో మనకు కనపడదు. అక్క మాటల్లో "బడి చూశాం గానీ స్టాఫ్ రూము చూడలేదు."

చియాంగ్ మై ఊళ్లో ఎక్కువ ఆగలేదు. వాట్ చెడీ లువాంగ్‌లో చెట్ల కింద బల్లలు వేసుకుని కుర్ర భిక్షువులు, సామణేరులు (ఇంకా పూర్తి దీక్ష తీసుకోనివాళ్లు) యాత్రికులతో ముచ్చట్లాడతారు. వాళ్లకు ఇంగ్లీషు అలవాటవుతుంది, మనకు సందేహాలు తీరతాయి. ఒక గంట బాగా గడిచింది. ఊరి చివర వాట్ రామ్ పోయెంగ్‌లో బర్మాకు చెందిన మహాసీ సయాడో పద్ధతి నేర్పుతారు. పొట్ట ఉబ్బుతుంటే 'ఉబ్బుతోంది' అని, తగ్గుతుంటే 'తగ్గుతోంది' అని మనసులో అనుకోవాలి. అడుగు వేయడాన్ని మడమ లేవడం, కాలు లేవడం, ముందుకు జరగడం అంటూ ముక్కలు ముక్కలుగా గమనించాలి. పూర్తి కోర్సు 26 రోజులు. రోజూ గురువు దగ్గర కూర్చుని ఏం జరిగిందో చెప్పుకోవాలి. ఒంటరిగా, పట్టుగా సాధన చేసేవాళ్లకు ఇది మంచి చోటని అక్కడ ఉన్నవాళ్లతో మాట్లాడాక అనిపించింది. మేం చేయలేదు. ఊళ్లో 'మైండ్‌ఫుల్‌నెస్' పేరు పెట్టుకున్న రిసార్టులు కూడా ఉన్నాయి. ఒకదానికి ఫోన్ చేస్తే మసాజుతో కలిపి ప్యాకేజీ చెప్పారు. నవ్వి పెట్టేశాం.

అసలు కథ ఈశాన్యంలో ఉంది.

బ్యాంకాక్ నుంచి ఉబోన్ రాచథానికి రాత్రి స్లీపర్ రైలు ఉంది. దుప్పట్లు, పక్కలు వాళ్లే పరుస్తారు, హాయిగా నిద్రపోయాం. ఉబోన్ స్టేషన్ నిజానికి మూన్ నదికి ఇవతల వారిన్ చమ్రాప్‌లో ఉంది. విహారాలు కూడా ఇటే కాబట్టి మనకు కలిసొచ్చింది. స్టేషన్ నుంచి టుక్‌టుక్‌లో బుంగ్ వాయ్ అనే ఊరికి వెళితే పొలాల నడుమ ఉన్నట్టుండి చిక్కటి అడవి తునక ఒకటి గోడ కట్టుకుని కనిపిస్తుంది. అదే వాట్ పా నానాచాట్, అంతర్జాతీయ అడవి విహారం.

దీని పుట్టుక వినాలి. అజాన్ చా (1918–1992) అనే ఈసాన్ (థాయిలాండ్ ఈశాన్య ప్రాంతం) రైతుబిడ్డ ఏళ్లతరబడి అడవుల్లో తిరిగి, 1954లో ఈ దగ్గర్లోనే వాట్ నాంగ్ పా పోంగ్ స్థాపించారు. ఆయన దగ్గరికి పశ్చిమ దేశాల కుర్రాళ్లు వరస కట్టారు. జాక్ కార్న్‌ఫీల్డ్ అనే అమెరికన్ వచ్చినప్పుడు "నీకు బాధంటే భయం లేదు కదా" అని పలకరించారట. బాధ రెండు రకాలు, పారిపోతే వెంటపడేది ఒకటి, ఎదుర్కొంటే వదిలిపోయేది ఇంకొకటి అని వివరణ. 1975 ఎండాకాలంలో సుమేధో అనే అమెరికన్ భిక్షువు, ఇంకొందరు విదేశీ భిక్షువులు భిక్షాపాత్రల్ని కాల్చుకోవడానికి ఈ అడవికి వచ్చారు. ఇనుప పాత్ర తుప్పు పట్టకుండా ఉండాలంటే నిప్పుల్లో కాల్చాలి, ఇక్కడ వెదురు, పుల్లలు బాగా దొరికేవి. అది ఊరి శ్మశానపు అడవి, దయ్యాలున్నాయని జనం అటు పోయేవారు కాదు. తెల్లోళ్లు దయ్యాలకు భయపడకుండా అక్కడే ధ్యానం చేస్తుంటే, ఊరివాళ్లే ఇక్కడే ఉండిపొమ్మని అడిగారు. అజాన్ చా సరేనన్నారు. ఇంగ్లీషులో శిక్షణ ఇచ్చే విహారం అలా మొదలైంది, సుమేధో మొదటి అధిపతి అయ్యారు.

ఇక్కడ ఉండాలంటే ముందుగా రాసి ఒప్పుకోలు తెచ్చుకోవాలి. తెల్లబట్టలు మనమే తీసుకెళ్లాలి. అష్టశీలాలు, అంటే విహారంలో ఉన్నన్నాళ్లూ పట్టే ఎనిమిది నియమాలు, పాటించాలి. మగవాళ్లకు ఉమ్మడి వసతి, ఆడవాళ్లకు విడిగా వేరే వైపు. చాప, దోమతెర, ఒక దిండు, చన్నీళ్లు. తెల్లవారుజామున మూడింటికి గంట కొడతారు. మూడున్నరకు హాల్లో పఠనం, ధ్యానం. తెల్లారగానే భిక్షాటన. ఎనిమిదికి రోజు మొత్తానికి ఒకే భోజనం. ఆ తర్వాత చాలాసేపు ఎవరి చోట వాళ్లు. మధ్యాహ్నం మూడు నుంచి పనులు, నాలుగున్నరకు టీ, ఆరుంపావుకు సాయంత్రపు సమావేశం.

గమనించారా, ఇందులో 'ధ్యానం నేర్పే క్లాసు' అనేది లేదు. వచ్చిన మొదటి పూట నాకూ అదే వెలితి. నేర్పడం అంతా వేరే చోట జరుగుతోందని అర్థం కావడానికి భిక్షాపాత్రను చూడాల్సి వచ్చింది.

కొత్తగా దీక్షకు సిద్ధమవుతున్న కుర్రాడొకడు భోజనం తర్వాత తన గురువు పాత్రను కడుగుతున్నాడు. గొంతుక్కూర్చుని, పాత్రను నేలకు జానెడు ఎత్తుకు మించి లేపకుండా, చేతి కింద గుడ్డ పరుచుకుని కడిగాడు. నీళ్లు వంపేటప్పుడు చప్పుడు లేదు. లోపల, అంచు, బయట, మళ్లీ అంచు తుడిచాడు. కాసేపు ఎండ తగలనిచ్చి, ఒట్టి నేల మీద కాకుండా చుట్టకుదురు లాంటి దాని మీద పెట్టి, మూత వేసి, సంచి తొడిగాడు. మాట్లాడిస్తే నవ్వి తల ఊపాడు గానీ చేయి ఆగలేదు. తర్వాత చెప్పాడు: తడి పాత్రను పక్కన పెట్టకూడదు, బల్ల అంచున పెట్టకూడదు, పాత్ర చేతిలో ఉండగా తలుపు తీయకూడదు. ఇవన్నీ ఎవరో ఈమధ్య రాసిన ఆశ్రమ నిబంధనలు కావు, భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో ఉన్నవే. తలుపు తీయకూడదంటే, పాత్రను ముందు ఎక్కడైనా జాగ్రత్తగా పెట్టాలి, అంటే చేతిలో పాత్ర ఉందన్న ఎరుక తలుపు దగ్గరికి వచ్చేసరికి ఉండి తీరాలి. భిక్షువులు పాటించాల్సిన 227 ప్రాతిమోక్ష నియమాలు, వాటి చుట్టూ అల్లుకున్న ఈ చిన్నాచితకా ఆచారాలు అన్నీ ఇదే పని చేస్తాయి. కాయం, వేదన, చిత్తం, ధర్మాలు అని ఎరుక గురించిన బుద్ధుడి బోధ సతిపట్ఠానంలో చెప్పిన నాలుగింటిలో మొదటిదాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా తప్పించుకునే వీల్లేకుండా కట్టేశారు. కూర్చునే గంటలు తక్కువని ఒక పెద్ద భిక్షువుతో టీ వేళ అంటే, "గంటలు తర్వాత లెక్కపెడుదురు, ముందు దోమల తలుపు ఎలా వేస్తున్నారో చూసుకోండి" అన్నారు. ఆ తలుపుకు స్ప్రింగు ఉంది, వదిలేస్తే ఢామ్మని కొట్టుకుంటుంది. ఆ సాయంత్రం నుంచి దాన్ని చేత్తో పట్టి మూశాను.

భిక్షాటనకు సాయంగా వెంట వెళ్లనిచ్చారు. చెప్పుల్లేకుండా, పెద్దల నుంచి చిన్నల వరకు బారుగా, పొలం గట్ల మీద, సిమెంటు రోడ్ల మీద వేగంగానే నడుస్తారు. కంకర మీద నా పాదాలకు చుక్కలు కనిపించాయి. ఇళ్ల ముందు ముసలమ్మలు చాప మీద మోకాళ్లూని, వెదురు బుట్టలోంచి వేడివేడి జిగురన్నం చిన్న ముద్ద చేసి ఒక్కో పాత్రలో వేస్తారు. ఈసాన్‌లో రోజూ తినే అన్నమే అది. కూరలు తర్వాత విహారం వంటింటికి తెస్తారు. ఇచ్చేవాళ్లూ మాట్లాడరు, పుచ్చుకునేవాళ్లూ కృతజ్ఞతలు చెప్పరు. ఎవరికీ అది వింతగా లేదు. భిక్షువులు డబ్బు ముట్టుకోరు, వండుకోరు, నిల్వ చేసుకోరు. ఊరు రేపు పెట్టకపోతే రేపు లేదు. యాభై ఏళ్లుగా ఆ ఊరు రోజూ పెడుతూనే ఉంది.

భోజనం దగ్గర మనవాళ్లు తెలుసుకోవలసిన విషయం ఉంది. ఇక్కడ శాకాహారమే అన్న నియమం లేదు. ఊరు పెట్టింది తింటారు కాబట్టి చేపలు, కోడి, పంది అన్నీ ఉంటాయి. తమ కోసం చంపినట్టు చూడకపోతే, వినకపోతే, అనుమానం లేకపోతే మాంసం పుచ్చుకోవచ్చని వినయ పిటకం చెబుతుంది. ఏనుగు, గుర్రం, కుక్క, పాము, పులి లాంటి పది రకాలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నిషిద్ధం. అక్క ఈ వాదన విని "కుదిరింది" అంది గానీ ముట్టుకోలేదు. జిగురన్నం, అరటిపళ్లు, ఉడికించిన కూరగాయలతో కడుపు నిండింది. అయితే చేపల సాసు పడని కూర దొరకడం కష్టం. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు ఉత్తరాన థమ్ వువాకో, దక్షిణాన, ఈ కింద చెప్పే సువాన్ మోక్‌కో వెళ్లడం మేలు.

రాత్రి భోజనం లేదని మాత్రం దిగులు పడకండి. సాయంత్రం టీతో పాటు 'మందు' కింద కొన్ని చెల్లుతాయి: తేనె, బెల్లం, అల్లం. ఒకరోజు పళ్లెంలో ఉసిరికాయలు, పచ్చి కరక్కాయలు, పక్కన ఉప్పూకారం కలిపి పెట్టారు. భిక్షువులకు సాయంత్రం చెల్లే ఫలాల్లో ఈ రెండూ పాతకాలం నుంచీ ఉన్నాయి. కరక్కాయ పేరు థాయ్‌లో ఏమిటో తెలీని అక్క, దాన్ని చూడగానే మేనకోడలు కనపడ్డట్టు మురిసిపోయింది. పక్కన కూర్చున్న జర్మన్ అమ్మాయికి ఉప్పు ఎంత అద్దాలో చూపించింది కూడా.

ఇక ఆడవాళ్ల సంగతి. భిక్షువు చేతికి ఆడవాళ్లు నేరుగా ఏమీ అందించకూడదు, ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి. ఒంటరిగా మాట్లాడకూడదు. భోజనం వరసలో భిక్షువులు, సామణేరులు, తెల్లబట్టల దీక్షార్థులు, మగ అతిథులు, ఆ తర్వాత ఆడవాళ్లు. మొదటి రోజే అక్క ముఖం మారింది. చాలాకాలంగా అక్కడ ఉంటున్న ఒక ఉపాసిక నచ్చజెప్పింది. వరస అంతా దీక్ష తీసుకున్న సమయాన్ని బట్టేనని, ఒక గంట ముందు దీక్ష తీసుకున్నవాడు డెబ్భై ఏళ్ల కొత్త భిక్షువు కంటే ముందు కూర్చుంటాడని. "బాగుందమ్మా, మరి ఆ దీక్షే ఆడవాళ్లకు ఇవ్వకపోతే వరసలో ఎప్పుడు ముందుకొస్తాం?" అంది అక్క. ఆమె దగ్గర జవాబు లేదు. థాయ్ సంఘంలో స్త్రీలకు దీక్ష ఇవ్వకూడదని 1928లో సంఘరాజు (థాయ్ సంఘానికి పెద్ద) ఇచ్చిన ఆజ్ఞ అలాగే ఉంది. 'మే చీ' అనే తెల్లబట్టల సాధకురాళ్లుగా ఎనిమిది శీలాలతో ఉండవచ్చు, అంతే. "నాగార్జునకొండ మహాచైత్యం కట్టించింది ఇక్ష్వాకుల ఆడపడుచు శాంతిసిరి. అమరావతి శాసనాల్లో భిక్షుణులు దానాలిచ్చారని ఉంది. వీళ్లకు ఎవరైనా చెప్పండ్రా" అని మర్నాడు గేటు దగ్గర నాకు పాఠం చెప్పింది.

అయినా అన్నిటిలోకీ అక్క ఎక్కువ మార్కులు వేసింది నానాచాట్‌కే, నేనూ అంతే. మధ్యాహ్నం మూడింటికి పొడుగాటి వెదురు కర్రల చీపుళ్లతో అడవి దారులన్నీ ఊడుస్తారు. నిన్న ఊడ్చిన దారే, మళ్లీ ఆకులు రాలిన దారే. పక్క కొట్టంలో పనస చేవ చెక్కలు మరిగించి ఆ రంగులో చీవరాలు (భిక్షువుల వస్త్రాలు) ముంచుతున్నారు. ముదురు తేనెరంగు నీళ్లు, పొయ్యి పక్కన కెనడా కుర్రాడు చెమటలు కక్కుతూ కలియబెడుతున్నాడు. "తినే మనిషిని చూశాను, ఉతుక్కునే మనిషిని కూడా చూశాను, ఇక చాలు" అంది అక్క. దగ్గర్లోని వాట్ నాంగ్ పా పోంగ్‌లో అజాన్ చా చైత్యం, మ్యూజియం ఒక పూటలో చూసిరావచ్చు.

దక్షిణాన చైయాలోని సువాన్ మోక్ పూర్తిగా వేరే తీరు. బుద్ధదాస భిక్షువు (1906–1993) 1932లో మొదలుపెట్టిన విహారం ఇది. బ్యాంకాక్ నుంచి దక్షిణానికి పోయే రైలు చైయాలో ఆగుతుంది. హైవేకు అవతల విదేశీయుల కోసం విడిగా ఒక ఆవరణ ఉంది, కొబ్బరితోట, వేడినీటి ఊటలు. నెల మొదట్లో మొదలయ్యే పది రోజుల మౌన శిబిరం ఇక్కడి ప్రత్యేకత. చేరినప్పుడే ఫోను తాళం వేసి పెడతారు. గదిలో సిమెంటు మంచం, దాని మీద గడ్డి చాప, చెక్కతో చేసిన దిండు. అవును, చెక్కదే. స్నానం ఆరుబయట తొట్టి దగ్గర, ఒంటికి గుడ్డ చుట్టుకుని, చెంబుతో. విదేశీయులు ఈ స్నానం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. లుంగీతో బావి దగ్గర పోసుకున్నవాళ్లం మనకు అందులో విశేషం ఏముంది?

ఇక్కడ నేర్పడం పద్ధతిగా ఉంటుంది. ఆనాపానసతి, అంటే ఊపిరి మీద ఎరుక, పదహారు మెట్లుగా వివరిస్తారు. ఊపిరి పొడవు, పొట్టి గమనించడంతో మొదలై, ఒంటి మీదికి, సుఖదుఃఖాల మీదికి, మనసు మీదికి, చివరికి అనిత్యం మీదికి తీసుకెళతారు. నాలుగింటికే లేపుతారు, రెండు పూటలా శాకాహారం, సాయంత్రం ఒక కప్పు పానీయం. ఆడా మగా వేర్వేరు వసతులు కాబట్టి అక్కా నేనూ హాల్లో దూరం నుంచి చూసుకోవడమే. ఒకసారి నా తువ్వాలు తీగ మీద వదిలేశానని దూరం నుంచి చేతుల్తో చేసిన సైగలు చూసి పక్కన ఉన్న బ్రెజిల్ ఆయన మౌనం మరిచి నవ్వేశాడు. పని కూడా ఉంటుంది, ప్రతి ఒక్కరికీ ఒక వంతు. నేను ఎంచుకున్నది పళ్లాలు తుడవడం. కానీ అది శిబిరంలో పని. భిక్షువుల బతుకు హైవే అవతలే ఉండిపోతుంది. మా కొలతకు అది లోటు. ధ్యానాన్ని వరసలో, కారణాలతో అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం మేం వెళ్లిన చోట్లలో ఇదే మేలు.

శిబిరం అయ్యాక అసలు విహారంలో ఒక పూట తిరగండి. 'ఆధ్యాత్మిక నాటకశాల' అని పిలిచే మందిరం గోడల మీద ప్రాచీన భారతీయ బౌద్ధ శిల్పాల నకళ్లు ఉన్నాయి: సాంచీ, భార్హుత్, మన అమరావతి. బుద్ధుడి బొమ్మ ఉండదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, చెట్టు, చుట్టూ మనుషులు. శూన్యం గురించి జీవితాంతం చెప్పిన బుద్ధదాసకు ఆ ఖాళీ ఆసనం మీద అంత మక్కువ ఎందుకో ఊహించవచ్చు. కృష్ణ ఒడ్డున చెక్కిన శిల్పం సముద్రం దాటి ఒక థాయ్ గోడ ఎక్కితే, దాని ముందు మా అక్క నిలబడి ఇద్దరు ఫ్రెంచి ఆడవాళ్లకు ఏ పలకలో ఏ కథ ఉందో చెప్పింది. రిటైరైన టీచర్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

తిరుగు ప్రయాణంలో అక్క కోరిక మీద నఖోన్ పథోమ్‌లోని సోంగ్‌ధమ్మకల్యాణి విహారానికి వెళ్లాం. బ్యాంకాక్‌కు పడమర, దగ్గరే. యూనివర్సిటీ ప్రొఫెసరుగా పనిచేసిన ధమ్మానంద 2003లో శ్రీలంకలో భిక్షుణి దీక్ష తీసుకుని, తల్లి వోరమై స్థాపించిన ఈ చోటును నడిపిస్తున్నారు. థాయ్ సంఘం లెక్కలో వీళ్లు భిక్షుణులు కారు. చుట్టుపక్కల జనం మాత్రం పాత్రలో అన్నం వేస్తున్నారు. కాసేపే ఉన్నాం. కాషాయ చీవరం కట్టుకున్న ఒకావిడ చేతికి అక్క పళ్లబుట్టను నేరుగా అందించింది, మధ్యలో గుడ్డ లేకుండా.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మార్చిలో ఉత్తరాదిన పొలాలు, అడవులు తగలబెట్టే పొగ కళ్లు మండిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లు అటు వెళ్లొద్దు. ఆషాఢ పౌర్ణమి మర్నాటి నుంచి మూడు నెలలు వర్షావాసం, భిక్షువులు కదలరు, వాతావరణం మరింత గంభీరంగా ఉంటుంది. తెల్లబట్టలంటే పల్చటి లాల్చీలు కాదు, ఆడవాళ్లకు భుజాలూ మోకాళ్లూ కప్పే మందపాటి గుడ్డ. టార్చిలైటు, దోమల మందు తప్పనిసరి, రాత్రి దారిలో తేళ్లు, పాములు ఉంటాయి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఒంటిపూట భోజనం గురించి డాక్టర్ని అడిగి, విహారానికి రాసేటప్పుడే చెప్పండి. బుద్ధ విగ్రహం వైపూ భిక్షువుల వైపూ కాళ్లు చాపకండి. హుండీ ఉంటుంది, ఎంత వేశారని ఎవరూ చూడరు. అదే ఊళ్లో ఒక మామూలు లాడ్జి గదికి ఎంతయ్యేదో, తిండికి ఎంతయ్యేదో లెక్కవేసి అంతకు తగ్గకుండా వెయ్యడం మర్యాద, పెట్టేది పొలం పనులు చేసుకునే ఊరు కాబట్టి.

మోకాళ్లు సహకరించనివాళ్లు కుర్చీ అడగండి, అన్నిచోట్లా ఇచ్చారు. నానాచాట్‌కు మాత్రం ఎన్ని రోజులు ఉండాలనుకుంటున్నారో, ఇంతకుముందు ధ్యానం చేశారో లేదో వివరంగా, చాలా ముందుగా రాయండి. జవాబు రావడానికి సమయం పడుతుంది, విమానం టికెట్లు ఆ జవాబు వచ్చాకే కొనుక్కోండి.